కొండ మీది ఎర్రగడ్డి పేరేమిటి? థెమెడాను పోల్చుకోవడం ఎలా, అది ఎక్కడ బతుకుతుంది

క్లుప్తంగా: బెంగళూరు చుట్టుపక్కల కొండల మీద దసరా దాటాక రాగిరంగుకు తిరిగే దుబ్బుగడ్డిలో ముఖ్యమైనది థెమెడా ట్రయాండ్రా. ఇది ఇక్కడి నేలదే, ఏళ్ల తరబడి బతికే గడ్డి. ఆకు చూసి దీన్ని పోల్చుకోవడం కష్టం. కంకి, కుదురు, పెరిగిన చోటు, ఈ మూడూ కలిపి చూస్తే పొరపాటు పడే అవకాశం తక్కువ. దీన్ని కలుపు మొక్కగానో బంజరు గడ్డిగానో లెక్కేయడం వల్ల కొండల మీద మొక్కలు నాటే పనులు చాలాచోట్ల తప్పు జాగాలో జరుగుతున్నాయి.

ఏటా వచ్చే ప్రశ్న

ఆశ్వయుజం, కార్తీకం వచ్చాయంటే మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ల బైకులు వీకెండ్‌కి నంది హిల్స్, స్కందగిరి, శివగంగ దారి పడతాయి. తెల్లవారుజామున మంచు, ఎండ పడగానే మెరిసే ఎర్రటి గడ్డి, దాంతో ఫొటోలు. ఆ ఫొటోలు గ్రూపుల్లోకి రాగానే కన్ఫ్యూజన్ మొదలవుతుంది. ఒకరు నిమ్మగడ్డి అంటారు. ఇంకొకరు విదేశాల నుంచి వచ్చిన కలుపు, పీకెయ్యాలి అంటారు. మిగతావాళ్లు ఉత్త ఎండుగడ్డి, నిప్పంటుకుంటే ప్రమాదం అంటారు.

మూడింటిలోనూ కొంత నిజం ఉంది. ఆ కొండల మీద నిమ్మగడ్డి జాతివీ ఉన్నాయి, ఆఫ్రికా నుంచి వచ్చినవీ ఉన్నాయి, వేసవిలో నిప్పు అంటుకోవడమూ నిజమే. కానీ ఫొటోలో కనబడే గడ్డి చాలాసార్లు ఈ మూడూ కాదు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, గౌరీబిదనూరు వైపు గొర్రెల కాపరులు చాలామంది తెలుగే మాట్లాడతారు. వాళ్లకు ఈ గడ్డి కొత్త కాదు. మేతకు వచ్చేదేదో, కప్పుకు పనికొచ్చేదేదో, కాళ్లకు గుచ్చుకునేదేదో చూడగానే చెప్పేస్తారు. పట్నం వాళ్లకు అన్నీ కలిపి 'గడ్డి' అనే ఒకే మాట మిగిలింది. అసలు తికమక అక్కడే ఉంది.

ఆకుతో ఎందుకు తేలదు

గడ్డి కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద 11 వేలకు పైగా జాతులున్నాయి. వరి, జొన్న, రాగి, చెరకు, వెదురు, గరిక అన్నీ ఆ కుటుంబంలోవే. వీటిలో చాలావాటి ఆకు ఒకటే తీరు: సన్నగా, పొడుగ్గా, ఈనెలు పక్కపక్కనే. పైగా ఒకే గడ్డి పశువులు మేసిన చోట జానెడే ఉంటుంది, మేయని చోట నడుము దాకా పెరుగుతుంది. నీడలో ఆకు వెడల్పు, ఎండలో సన్నం. అందుకే ఆకు ఫొటో ఒక్కటే ఇచ్చి ఫోన్ యాప్‌ని అడిగితే అది ఒక్కోసారి ఒక్కో పేరు చెబుతుంది. యాప్ లోపం కన్నా ఇచ్చిన ఆధారం చాలకపోవడమే ఇందులో ఎక్కువ. వరిపొలంలో ఊద మొక్కను వరి మొక్క నుంచి వేరు చేయాలంటే రైతు కూడా ఆకు, కాడ కలిసే చోట ఉండే సన్నటి పొరను చూస్తాడు. ఆ పొర వరికి ఉంటుంది, ఊదకు ఉండదు. కొండగడ్డికీ అలాంటి గురుతులే చూడాలి.

కంకిలో ఏడింటి లెక్క

థెమెడా ఈనాక దాని కాడ మీద పైనుంచి సగం దాకా అక్కడక్కడా చిన్న చిన్న గుత్తులు వేలాడతాయి. ఒక్కో గుత్తిని కింద నుంచి చిన్న ఆకులాంటి రేకు పట్టుకుని ఉంటుంది. ఆ రేకు మొదట్లో ఆకుపచ్చగా, తర్వాత ఎర్రగా, చివరికి రాగిరంగుకు మారుతుంది. కొండకు దూరం నుంచి కనబడే ఎరుపులో చాలా భాగం ఈ రేకులది, ముదిరిన ఆకులది.

గుత్తిలోంచి ఒక్క పోగును విడదీసి అరచేతిలో పెట్టుకుంటే అసలు గురుతు దొరుకుతుంది. అడుగున నాలుగు చిరుకంకులు ఒకే ఎత్తులో, చుట్టూ ప్రహరీ కట్టినట్టు నిలబడతాయి. వాటికి మీసం ఉండదు, గింజా పట్టదు. ఆ నాలుగింటి నడుమ ఇంకో మూడు ఉంటాయి. వాటిలో రెండు సన్నటి తొడిమల మీద ఉండే గొడ్డువి. మిగిలిన ఒక్కటే గింజ పట్టేది. దాని నెత్తిన ముదురు గోధుమ రంగు మీసం ఒకటి పైకి పొడుచుకు వస్తుంది. నాలుగు, రెండు, ఒకటి, మొత్తం ఏడు. ఈ లెక్క కుదిరితే చేతిలో ఉన్నది థెమెడా ప్రజాతి గడ్డే అని దాదాపు చెప్పేయవచ్చు.

మీసం సంగతి ఇంకాస్త దగ్గరగా చూడదగ్గది. అది కొన్ని సెంటీమీటర్ల పొడవుంటుంది. కింది సగం తాడు పేనినట్టు మెలి తిరిగి ఉంటుంది, మధ్యలో మోకాలిలా వంగుతుంది. తడి తగిలితే ఆ మెలి విప్పుకుంటుంది, ఆరితే మళ్లీ చుట్టుకుంటుంది. ఎండిన మీసం మీద ఒక్క నీటిబొట్టు వేసి చూస్తే కాసేపట్లోనే తిరగడం కంటికి కనబడుతుంది. గింజ రాలి నేల మీద పడ్డాక రాత్రి మంచుకు, పగటి ఎండకు ఇది అటూ ఇటూ తిరుగుతూ గింజను మట్టిలోకి దింపుతుంది. గింజ మొన సూదిలా ఉంటుంది, దాని మీది నూగు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి దిగిన గింజ తిరిగి పైకి రాదు. పక్షులకు, చీమలకు, వేసవి మంటకు అందనంత లోతు అంటే ఒకటి రెండు సెంటీమీటర్లు చాలు.

పేరు సంగతి. ట్రయాండ్రా అంటే మూడు కేసరాలది అని. ఈ పేరు పెట్టిన ఫోర్స్‌కాల్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ గడ్డిని యెమెన్‌లో చూశాడు. 1763లో అక్కడే చనిపోయాడు. ఆయన రాసుకున్నది 1775లో అచ్చయింది. ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా ఖండాల్లో మూడింటా ఇది సహజంగానే పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో దీన్ని కంగారూ గ్రాస్ అంటారు. ఆ పేరు నెట్‌లో చూసి ఇది అక్కడి నుంచి తెచ్చిన గడ్డి అనుకునేవాళ్లున్నారు. అది సరికాదు.

కుదురు చెప్పే వయసు

థెమెడా ప్రజాతిలోనే ఒక్క ఏడాదిలో బతుకు ముగించేది ఒకటుంది, థెమెడా క్వాడ్రివాల్విస్. అదీ మన దేశానిదే. కంకి దాదాపు ఇలాగే ఉంటుంది. ఈ రెండింటినీ వేరు చేయాలంటే కంకి వదిలి కిందికి చూడాలి.

ఏటేటా మొలిచే గడ్డికి మొదలు దగ్గర కొద్దిపాటి వేళ్లు, కొద్ది పిలకలే ఉంటాయి. కాస్త లాగితే ఊడి వస్తుంది. ట్రయాండ్రా కుదురు అలా రాదు. పిడికిట పట్టనంత దట్టంగా పిలకలు, వాటి మధ్య పోయినేటి, అంతకుముందటి ఏటి మొదళ్లు నల్లగా, బూడిదరంగులో మిగిలి ఉంటాయి. నిప్పు దాటిన చోటయితే ఆ మొదళ్ల కొసలు కాలి ఉంటాయి. పిలక అడుగు గుండ్రంగా కాక రెండు పక్కలా నొక్కినట్టు చదునుగా ఉంటుంది, వేళ్ల మధ్య పెట్టి తిప్పితే తెలుస్తుంది. పీకక్కర్లేదు, ఆకులు పక్కకు తప్పించి చూస్తే చాలు.

దేనితో పొరబడతారు

నిమ్మగడ్డి చుట్టాలు, అంటే సింబోపోగాన్ జాతులు, ముందు వరసలో ఉంటాయి. పల్లెల్లో కప్పులు నేయడానికి వాడే బోదగడ్డిలో ఈ జాతివి ఉన్నాయి. వీటి కంకుల కిందా ఎర్రటి రేకులుంటాయి కాబట్టి దూరం నుంచి థెమెడాలాగే కనబడతాయి. తేల్చుకోవడం మాత్రం సులువు: ఆకు తుంచి నలిపితే వాసన వస్తుంది. థెమెడాకు ఆ ఘాటు ఉండదు. ఆ వాసన వల్లే పశువులు ముదిరిన సింబోపోగాన్‌ని ముట్టవు, థెమెడాను ముందే మేసేస్తాయి. ఈ చిన్న తేడా కొండ రూపురేఖలనే మార్చేస్తుంది. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

రెండోది బట్టలకు పట్టుకునే ముల్లుగడ్డి, హెటెరోపోగాన్ కంటార్టస్. ట్రెక్కింగ్ నుంచి ఇంటికొచ్చాక సాక్సుల నుంచి ఒక్కొక్కటే పీక్కోవాల్సి వచ్చేది ఎక్కువగా దీని గింజలే. దీని కంకి గుత్తిలా వేలాడదు, ఒక్క జడలా నిలువుగా ఉంటుంది. ముదిరాక మీసాలన్నీ కొసన ఒకదానికొకటి పెనవేసుకుని తాడులా అవుతాయి. కంటార్టస్ అనే పేరు వచ్చింది ఆ మెలిక వల్లే. గొర్రెల బొచ్చులో దూరి చర్మానికి గుచ్చుకుంటుంది కాబట్టి ఈనిన తర్వాత ఈ గడ్డి ఉన్న బీడులోకి మందను తోలడానికి కాపరులు జంకుతారు.

గులాబీ రంగులో నురుగులా మెత్తగా ఊగేది మెలినిస్ రెపెన్స్. ఇది ఆఫ్రికా నుంచి వచ్చినదే. రోడ్డు తవ్విన గట్లు, తాజాగా కదిపిన మట్టి దీనికి ఇష్టం. ఫొటోల్లో ఎక్కువ అందంగా పడేదీ ఇదే. 'విదేశీ కలుపు' అన్న మాట దీనికి సరిపోతుంది, పక్కనున్న థెమెడాకు సరిపోదు. గినీ గడ్డిదీ ఆఫ్రికాయే, మేత కోసం తెచ్చారు. పెద్ద విసనకర్రలా విచ్చుకున్న కంకి, మీసం లేని చిన్న చిన్న గింజలు. కొండ మొదట్లో, నీడలో, కాలువ పక్కన, ఖాళీ సైట్లలో కనబడుతుంది. గాలి తగిలే ఎత్తు మీద అంతగా ఉండదు.

ఒకే కొండ, నాలుగు రకాల నేల

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. సావనదుర్గ 1,226 మీటర్లు, నంది హిల్స్ 1,478 మీటర్లు. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌దీ ఇంచుమించు ఇదే తరహా. ఇవన్నీ చుట్టూ మైదానం ఉండగా ఒంటరిగా లేచిన రాతి కొండలు. ఎత్తు మరీ ఎక్కువేమీ కాదు. గడ్డి రకాన్ని ఇక్కడ నిర్ణయించేది ముఖ్యంగా రాతి మీద మట్టి ఎంత మందాన ఉంది, వాన నీరు ఎంతసేపు ఆగుతుంది అన్నవే.

నున్నటి బండ మీద అంగుళం మట్టి కూడా లేని గుంటల్లో థెమెడా బతకదు. అక్కడ ఒరోపీషియం థోమేయం లాంటి వేలెడు గడ్డి ఉంటుంది. దాని గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. వేసవిలో అది పూర్తిగా ఎండి గోధుమ రంగు పీచులా బండకు అంటుకుని ఉంటుంది. వాన పడితే ఒక రోజులో అవే ఆకులు పచ్చబడతాయి. కొత్తగా మొలిచేదేమీ ఉండదు, ఎండిన ఆకే తిరిగి లేస్తుంది. 2015లో దీని జన్యుపటాన్ని విప్పారు. అది దాదాపు 24.5 కోట్ల డీఎన్‌ఏ అక్షరాలంత, వరి జన్యుపటం కన్నా బాగా చిన్నది. కరువుకు ఆగే పంటల మీద పనిచేసేవాళ్లకు అందుకే దాని మీద అంత ఆసక్తి. ఫొటోలకు నిలబడే బండ మీద కాలి కింద నలిగేది చాలాసార్లు ఇలాంటి గడ్డే.

బండల మధ్య జానెడు, రెండు జానల మట్టి ఉన్న వాలు, ఎండ బాగా తగిలే చోటు, నీరు ఇంకుతూ నిలవని నేల, ఇది థెమెడా ఇల్లు. నీరు నిలిస్తే దానికి పడదు. చెట్టు నీడా పడదు. ఇంకాస్త కిందికి, మట్టి లోతుగా ఉండి పశువులు ఎక్కువగా తిరిగే చోట ముల్లుగడ్డి, సింబోపోగాన్ కలుస్తాయి. కొండ మొదట్లో పొదలు, లాంటానా, గినీ గడ్డి.

పడమటి కనుమల్లో లెక్క వేరు. చిక్కమగళూరు దగ్గరి ముళ్లయ్యనగిరి 1,930 మీటర్లు. అక్కడ వానలు చాలా ఎక్కువ, లోయల్లో షోలా అనే పొట్టి, గుబురు అడవి, దాని పైన గడ్డి. చినుకు ఎక్కువైన కొద్దీ యూలాలియా, అరుండినెల్లా, క్రైసోపోగాన్ వంటి గడ్డి జాతులు ముందుకొస్తాయి. చిక్కమగళూరులో చూసిన గడ్డి పేరును నంది హిల్స్ గడ్డికి పెట్టేయడం అందుకే కుదరదు. ఫొటో కింద కొండ పేరు, ఎత్తు, వాలు లేదా బండ అన్న ఒక్క ముక్క రాస్తే తేల్చేవాళ్లకు సగం పని తప్పుతుంది.

నిప్పు, మేత

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ కొండల మీద మంటలు మామూలే. పిడుగుల కన్నా మనుషుల వల్లే ఎక్కువ: బీడీ ముక్క, వంట పొయ్యి, కొత్త చిగురు కోసం కావాలని పెట్టిన నిప్పు. మంట వెళ్లాక కొండ నల్లగా మారితే గడ్డి చచ్చిపోయిందనిపిస్తుంది. థెమెడా విషయంలో అది నిజం కాదు. దాని మొవ్వు నేల మట్టంలో, పాత మొదళ్ల చాటున ఉంటుంది. ఎండుగడ్డి మంట వేగంగా దాటిపోతుంది కాబట్టి ఆ లోతుకు వేడి పెద్దగా దిగదు. మొదటి వానకు ఆ కుదురే కొత్త పిలకలు వేస్తుంది. ఏళ్ల తరబడి మేత గానీ, కోత గానీ, నిప్పు గానీ లేకపోతే మాత్రం ఎండిన ఆకు పేరుకుని కొత్త పిలకకు వెలుతురు అందక కుదురు నీరసిస్తుంది. ఆస్ట్రేలియాలో ఇదే గడ్డి మీద జరిగిన పరిశీలనల్లో ఇది స్పష్టంగా తేలింది.

అలాగని ఏటా నిప్పు పెట్టవచ్చని కాదు. మంట తర్వాత లేచే లేత పిలకను మంద వెంటనే మేసేస్తే, మళ్లీ ఏడు మళ్లీ అదే జరిగితే, కుదురు దాచుకున్న బలం అయిపోతుంది. థెమెడా తగ్గిన జాగాలోకి ముల్లుగడ్డి వస్తుంది. ఇంకా మేత పెరిగితే వాసన గడ్డీ, పశువు ముట్టని ముళ్ల మొక్కలూ మిగులుతాయి. అంటే కొండ మీద ఏ గడ్డి ఎంత ఉందో చూస్తే గత పదేళ్లలో ఆ కొండ ఎలా గడిపిందో కొంతవరకు చదవవచ్చు. అటవీ సిబ్బంది నిప్పును ఆపడం ఒక్కటే లెక్కగా పెట్టుకుంటే ఈ తేడాలు కనబడవు. మంట ఏ నెలలో, ఎన్నేళ్లకోసారి, తర్వాత మంద ఎక్కిందా లేదా అన్నవే ఫలితాన్ని తేలుస్తాయి.

పెన్నకు దీనితో పనేమిటి

తెలుగువాళ్లకు ఈ గడ్డి పరాయి రాష్ట్రపు సంగతిగా కనబడవచ్చు. కానీ పెన్న పుట్టింది ఈ నంది కొండల వరసలోని చెన్నకేశవ కొండల్లో. చిత్రావతి, పాపాగ్ని పుట్టుక కూడా చిక్కబళ్లాపురం ప్రాంతమే. ఈ నీరు పుట్టపర్తి, కడప, నెల్లూరు దాకా దిగుతుంది. ఈ కొండల్లోనే ఇంకో పక్క అర్కావతి నది పుట్టి, ఒకప్పుడు బెంగళూరుకు తాగునీరిచ్చిన హెసరఘట్ట చెరువు మీదుగా కావేరికి చేరుతుంది.

ఒక వానకు గడ్డి వాలు మీద జరిగేది ఇది. చినుకు నేరుగా మట్టిని కొట్టకుండా ఆకు ఆపుతుంది. కుదుళ్ల మధ్య నీరు వంకర టింకరగా, నెమ్మదిగా దిగుతుంది. వేళ్ల పక్క సందుల్లోంచి ఇంకుతుంది, రాతి పగుళ్లలోకి చేరుతుంది. మట్టి కుదురు దగ్గర ఆగుతుంది. ఎండాకాలంలో గడ్డి నిద్రపోతుంది, అప్పుడు నేల నుంచి లాగే నీరు అతి తక్కువ. నీలగిరి చెట్టు, అంటే యూకలిప్టస్, ఏడాది పొడవునా పచ్చగా ఉండి లోతు వేళ్లతో నీరు తోడుతూనే ఉంటుంది. ఈ చెట్టును మన దేశంలో మొదట నాటించింది 1790 ప్రాంతంలో నంది కొండ మీద టిప్పు సుల్తాన్ అని చెబుతారు. కొత్తగా యూకలిప్టస్ నాటడాన్ని 2017లో కర్ణాటక ప్రభుత్వం ఆపేసింది. అప్పటికే కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో బోర్లు చాలా లోతుకు వెళ్లిపోయాయి. తర్వాత ఆ జిల్లాల చెరువులకు బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి పంపాల్సి వచ్చింది. దీనికి గడ్డి పోవడం ఒక్కటే కారణమని ఎవరూ అనరు, తోడిన నీరే ఎక్కువ. కొండ వాలు ఇంకించే నీరు ఆ ఖాతాలో ఒక పద్దు మాత్రమే, కానీ ఖర్చు లేకుండా వచ్చే పద్దు.

'బంజరు' అన్న పేరు తెచ్చే చిక్కు

కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ కలిసి తయారు చేసే వేస్ట్‌ల్యాండ్ అట్లాస్‌లో పొదల నేలలు, క్షీణించిన పచ్చిక నేలలు, రాతి నేలలు బంజరు లెక్కలోకి వస్తాయి. రికార్డులో బంజరు అని పడితే ఆ భూమిని ఏదో ఒకటి చేయాలన్న ఒత్తిడి మొదలవుతుంది: క్వారీ, సోలార్ పలకలు, లేఅవుట్, లేదా చెట్ల పెంపకం. హెసరఘట్ట గడ్డి మైదానాన్ని ఏం చేయాలన్న వివాదం ఏళ్ల తరబడి నడవడంలో ఈ దృష్టికీ పాత్ర ఉంది.

చెట్ల పెంపకం మంచి మనసుతో జరిగే పని కాబట్టి దాని గురించి మాట్లాడటం కష్టం. జూన్ రాగానే ఆఫీసు గ్రూపులు, కాలనీ సంఘాలు సీడ్ బాల్స్ (విత్తనాలు పెట్టిన మట్టి ఉండలు) పట్టుకుని కొండలెక్కుతాయి. లాంటానా ముసిరిన కొండ మొదలు, క్వారీ తవ్వి వదిలేసిన గుంట, ఎండిన వాగు గట్టు, ఇలాంటి చోట అక్కడి జాతుల చెట్టు నాటితే మేలే. థెమెడా కుదుళ్లు దట్టంగా ఉన్న వాలు మీద గుంత తవ్వితే జరిగేది వేరు. తవ్విన మట్టి మీద ముందుగా లేచేది మెలినిస్, గినీ గడ్డి. వానకు ఆ మట్టి కిందికి కారుతుంది. మొక్క బతికితే నీడ వస్తుంది, నీడలో థెమెడా బతకదు. మొక్క చస్తే గుంత మిగులుతుంది. గడ్డిలో నేల మీదే గూడు కట్టుకునే కౌజులు, భరత పక్షుల సంగతి ఎవరి లెక్కలోనూ ఉండదు. గుంత తవ్వేముందు కుదుళ్లు చూడటం, ఏడింటి లెక్క సరిచూడటం పది నిమిషాల పని. ఏ కొండనైనా పచ్చగా చేయాలనుకునేవాళ్లు మొదట చేయాల్సింది అదే.

పోయాక తిరిగి రావడం ఎంత కష్టం

ఒక్కో పోగులో ఏడింటికి ఒకటే గింజ. ఆ గింజ రాలగానే మొలవదు, కొన్ని నెలల నుంచి ఏడాది దాకా నిద్రలో ఉంటుంది. మట్టిలో ఏళ్ల తరబడి నిలవ ఉండే రకమూ కాదు. అందుకే కుదుళ్లు పోయిన వాలు మీదికి ఇది తనంతట తాను త్వరగా రాదు, పక్కన మిగిలిన కుదుళ్ల నుంచి అడుగు అడుగునా రావాలి.

ఆస్ట్రేలియాలో ఒక పద్ధతి పనిచేసింది. గింజ పండిన గడ్డిని కాడలతో సహా కోసి, బోసిపోయిన నేల మీద పలచగా పరుస్తారు. ఎండుగడ్డి తేమ కాపాడుతుంది, మీసాలు గింజను మట్టిలోకి తిప్పుకుంటాయి. మొలక లేవక ముందే పరిచిన గడ్డిని తగలబెట్టడమో తీసేయడమో చేస్తారు. బెంగళూరు కొండల మీద దీన్ని ప్రయత్నించాలంటే కోత వేళే కీలకం. కంకి రాగిరంగుకు తిరిగి, మీసం ముదురు గోధుమ రంగు పట్టి, గింజ వేలితో తాకితే ఊడేలా ఉన్న కొద్ది రోజుల్లోనే కోయాలి. అది దాటితే చేతికి వచ్చేది ఉత్త రేకులే, గింజ అప్పటికే నేల మీద ఉంటుంది.